లామినేషన్

ముసఫ్ఫాలో, టైర్ల కొట్టుకీ కరక్ చాయ్ కిటికీకీ మధ్య
నా టైపింగ్ సెంటర్.
పొద్దుగూకులూ మనుషుల్ని టైపు చేస్తాను:
పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు,
విద్యార్హత, వృత్తి.
చివరి రెండు గళ్లూ పక్కపక్కనే ఉండి
ఒకదాన్నొకటి ఎరగనట్టుంటాయి.

నా సంగతే చూడండి.
ఎమ్మే ఎకనామిక్స్, వరంగల్లో, సెకండ్ క్లాసు.
కార్డు మీద టైపిస్టు.
ఆర్నెల్లు మధ్యాహ్నాలు ఏమీ తోచక
మామయ్య మెషిన్ మీద లోయర్ నేర్చుకున్నాను.
అన్నం పెడుతున్నది అదే.
ఎమ్మే సూట్‌కేసు అడుగున, చొక్కాల కింద.

గురువారం మగ్రిబ్ అయ్యాక రాజలింగం వచ్చాడు.
పైపు వెల్డరు; ముంజేతుల నిండా
ఆవాలు చల్లినట్టు నిప్పురవ్వల మచ్చలు.
వెనకాలే కూతురు అఖిల.
వాళ్లమ్మ స్కూలు బస్సులో ఆయా కాబట్టి
సగం ఫీజుతో పన్నెండు దాటింది,
ఎనభై ఒక్క శాతం.

"రాయి సారూ, బీటెక్ అని రాయి.
పిల్ల ఇండియా పోతది. ఏ బ్రాంచైతేంది,
పేరెన్క డిగ్రీ ఉండాలె."

పిల్ల ఏమీ అనలేదు. ఫోల్డర్లోంచి ఓ కాగితం తీసింది.
మెట్రో మ్యాపులా గీతలు.
ఒకటి నాలుగేళ్లు, తిన్నగా.
ఇంకోటి రెండేళ్లు, ఫ్రిజ్జులూ ఏసీలూ,
సగం క్లాసు, సగం వర్క్‌షాపు.
అక్కడ దిగి పని చేసుకోవచ్చు,
మళ్లీ ఎక్కి డిగ్రీ రెండో ఏట కూర్చోవచ్చు.
ఆ ఎక్కే చోట మాత్రం గీత
చుక్కలు చుక్కలుగా ఉంది.
"ఈ చుక్కలు నిజమేనా అంకుల్?"

పదహారేళ్లుగా స్టాంపు ఎక్కడ వేస్తారనే అడిగారు అందరూ.
ఇది ఎవరూ అడగలేదు.
కొన్ని నిజం, కొన్ని బ్రోచర్లో మాత్రమే అన్నాను.
ఆ డిప్లొమా ఎవరిస్తారు, ఎవరు ఒప్పుకుంటారు,
అక్కడా ఇక్కడా విడివిడిగా అడుగు, రాయించుకో.
నోటిమాటకి అటెస్టేషన్ లేదమ్మా.

"నేను కాలిన కాడ్నే నువ్వూ కాల్తవా?"
"నువ్వు కాలింది వేడికి నాన్నా. నాది చల్లపని."
ఎవరం నవ్వలేదు.
ఏసీ నీటిచుక్క బకెట్లో పడింది.

అప్పుడు ఆయన తన కవరు విప్పాడు.
సూపర్‌వైజర్ని చేస్తారట, సర్టిఫికెట్ మీద ముద్ర కావాలట.
ఐటీఐ, ఫిట్టరు, తొంభై ఆరు.
ఖర్చు కలిసొస్తుందని మార్కుల మెమోతో
వీపుకి వీపు ఆనించి, ఒకే ప్లాస్టిక్‌లో.
వానకీ చెదలకీ దొరక్కుండా దాచినంత జాగ్రత్త.
ప్లాస్టిక్ మీద ముద్ర నిలవదని
చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పాను.

పక్కన సైన్‌బోర్డుల షాపు నుంచి
హీట్ గన్ అడిగి తెచ్చింది అఖిల.
జానెడు ఎత్తులో పట్టుకుని, ఓ మూల వెచ్చబెట్టి,
గోరుతో, ఊపిరి బిగబట్టి, వెంట్రుక వెంట్రుకగా.
గోడ మీద పైపుని వంకర లేకుండా అతికే మనిషి
మొహం అటు తిప్పుకున్నాడు.
ప్రిన్సిపాల్ సంతకం తోక ప్లాస్టిక్‌తో పోయింది.
మిగతాదంతా దక్కింది.

రెండు కాగితాలూ విడిపోయాక
మెమో వీపున పెన్సిల్ రాత:
పాలిటెక్నిక్. రెండో ఏడు. 2,150.
కింద రెండు అడ్డగీతలు.

"బస్ కిరాయి లెక్క అది" అన్నాడు రాజలింగం.
రెండువేల చిల్లరకి ఆ రోజుల్లో
ఏ బస్సు ఎక్కడిదాకా పోయేదో మేమెవరం అడగలేదు.

జిగురంటిన వేలు చున్నీకి తుడుచుకుని
అఖిల తన మ్యాపు మీద, చుక్కల పక్కన
ఏదో రాసుకుంది. నాకు కనబడలేదు.
సోమవారం రమ్మన్నాను.
ఫారం సేవ్ చేశాను,
ఆ గడి అట్లాగే వదిలేసి.