మలుపులో

గంటకి మైలున్నర చాలంటాడు రీనో.
రెండుంపావు ఉండాలంటాను నేను.
పదకొండు వేసవులుగా
హ్యూరాన్ బే నీళ్ల మీద
మా ఇద్దరి మధ్యా తెగనిది
ఈ ముప్పావు మైలే.

అతనికి వాలై కావాలి.
అడుగున, బురదకి జానెడు ఎత్తులో
పిల్లికళ్లు వెలిగించుకుని కూర్చునే చేప.
ఎర దాని ముంగిట్లోకి నడిచి రావాలి,
అదీ నింపాదిగా, పేరంటానికి వచ్చినట్టు.
నాకు ట్రౌట్ కావాలి.
పారిపోయేదాన్ని తప్ప అది తరమదు.
రాగి రేకు తళుక్కుమని తప్పించుకుంటుంటేనే
దానికి ఆకలి గుర్తొస్తుంది.

ఒక ఒరలో రెండు కత్తులే ఇమడవంటే
ఒక మోటారులో రెండు వేగాలా?

అందుకని వంతులు.
ఎండ పొడిచేదాకా అతని నడక,
ఆ తర్వాత నా పరుగు.
వంతు మారే వేళకి మాత్రం
అతని గడియారం నిదానిస్తుంది,
నాది తొందరపడుతుంది.

ప్లైవుడ్ మిల్లు అతని ఎడమ చెవిని ఉంచేసుకుంది.
అందుకే ఎప్పుడూ ఎడమవైపే కూర్చుంటాడు:
బాగున్న చెవి నాకు, చెడినది సరస్సుకి.
నేను ముప్పై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు తోలినదాన్ని.
అందుకే చుక్కాని నాది.

ఊళ్లో అడుగుతారు, మీరిద్దరూ ఏమవుతారని.
చేపలు పడతాం, అంటాను.
అది కాదు, అంటారు.
అదే, అంటాను.

వాళ్లక్క చేసిన ఏలకుల రొట్టెని
వానపాములు పట్టిన చేత్తోనే విరుస్తాడు.
పెద్ద ముక్క నాకిస్తాడు, చూడనట్టు.
తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం.
అతని చేతిలోంచి జారిపోయిన చేప ఏదైనా సరే
ఏటా రెండంగుళాలు పెరుగుతుంది.

ఆవేళ జూన్ పన్నెండు. పొగమంచు.
వంతు ఎవరిదో తేలక ముందే
పడవ ముక్కు ముందు నల్లగా ఒక దుంగ.
ఎప్పటిదో, ఏ మిల్లుకి అందకుండా తప్పించుకున్నదో.
చుక్కాని లాగేశాను. పడవ ఎడమకి తిరిగింది,
బస్సు సందులో తిరిగినట్టు.

ముప్పై ఒక్క ఏళ్లు నా కింద తిరిగిన సంగతే.
మలుపులో లోపలి చక్రం నడుస్తుంది,
బయటి చక్రం పరిగెత్తుతుంది,
బస్సు ఒక్కటే.
నీళ్ల మీద ఇన్నేళ్లూ నాకది తోచలేదు!

ఎడమ గాలం వంగింది.
నోరు తెరిచేలోగా కుడిది.

రెండు కడ్డీలు, నాలుగు చేతులు, ఒక్క వల.
దారాలు వెనకాల పెనవేసుకుంటున్నాయి.
రీనో తన కడ్డీని మోకాళ్ల మధ్య నొక్కిపెట్టి
వల అందుకుని నా చేప కిందికి దించాడు.
వెండి మచ్చల ట్రౌట్, మోచేయంత.
అది పడవలో పడేసరికి
మోకాళ్ల మధ్య కడ్డీ తిన్నగా నిలబడిపోయింది.

"చిన్నదేలే," అన్నాడు.

పదకొండేళ్లలో మొదటిసారి
జారిపోయిన చేపని చిన్నదన్నాడు.
పొగమంచులో ఒక్క క్షణం నేను చూశాను.
పైకి తేలి, తిరిగి, మునిగిన
బంగారు పక్క.
చిన్నది కాదు.
నేనూ ఏమీ అనలేదు.

మోటారు ఆపి చిక్కు విప్పడానికి కూర్చున్నాం.
దారం అతని కళ్లకి ఆనదు,
నా వేళ్లకి వంగదు.
ఇది పైనుంచి, అంటాను. కాదు, కిందనుంచి, అంటాడు.
దుంగ మా పక్కనే
మాతోపాటే కదులుతోంది, మూడో మనిషిలా.

చాలాసేపటికి తలెత్తి
వేగం చూపే అద్దం చూశాడు.
గాలి తోస్తున్నంతే. మైలులో మూడో వంతు.

"ట్రౌట్‌కి మరీ నెమ్మది," అన్నాడు.
"వాలైకి కూడా," అన్నాను.

మోటారు ఎవరం ముట్టుకోలేదు.