తప్పు పద్దు

కాశీబుగ్గ జీడి బట్టీ వెనక
తూకం గదిలో నా కంప్యూటర్.
తొమ్మిదేళ్లుగా పైథాన్‌తోనే బండి లాగుతున్నాను.
మొన్న ఒక లెక్క దానంతటదే మారిపోయింది.
గౌరమ్మ ఒలిచిన పప్పు పద్నాలుగు కిలోలు,
తెల్లారేసరికి పదకొండు.
ఏ లైను మార్చిందో ఇప్పటికీ తెలీదు.
మూడు కిలోల కూలి నా జేబులోంచి ఇచ్చాను.

అప్పట్నుంచీ వెతుకుతున్నాను,
ఒకసారి పెట్టిన విలువ మళ్లీ కదలని భాష కోసం.

హాస్కెల్ చూశాను.
అడిగేదాకా ఏ పనీ ముట్టుకోదు,
మా మేనల్లుడు ఢిల్లేసు లాగే.
అడిగాక మాత్రం అది చేస్తుంది.
లిస్పు బ్రాకెట్లు
జీడి సొనలా వేళ్లకు అంటుకుని వదల్లేదు.
ఓకామెల్ పేజీ తెరిచి
టీ తొరక కట్టేదాకా కూర్చున్నాను.
ఎర్లాంగ్ నచ్చింది:
వరసలో ఒకామె తలనొప్పని లేచిపోతే
పక్కామె చెయ్యి ఆగదు కదా, అలా.

గుమస్తా బిసోయి గారు కళ్లజోడు పైకి నెట్టి
"ఏటే గుంటా, మూడ్రోజుల్నుంచి ఏటి బేరం?" అన్నారు.
చెప్పాను.
బీరువాలోంచి ఎర్రట్ట చిట్టా తీశారు,
నేను పుట్టకముందుది.
"రబ్బరెట్టి సెరిపితే మా సేటు సెయ్యి ఇరిసీవోడు.
తప్పు తప్పుగానే ఉంటాది.
కిందన సరైంది రాత్తాం."
వేలు పెట్టి చూపించారు.
తప్పూ దిద్దుబాటూ ఒకే సిరాలో.

పదకొండుని చెరపలేదు.
కింద పద్నాలుగు రాసి
పక్కన పొడి అక్షరాలు రెండు పెట్టాను, నావే.

ఎర్లాంగ్ దించుకుంటుంటే
సగంలో కరెంటు పోయింది.
అవతల షెడ్డులో
కత్తుల చప్పుడు ఆగలేదు.