ఒక్క గడికే టిక్కు

మాగ్నోలియా లేన్‌లో మాగ్నోలియా చెట్టు లేదు.
అట్లాంటాకి ముప్ఫై మైళ్ళ అవతల, అక్టోబరు ఎండలో,
అట్టకి బిగించిన కాగితాలతో నేను.
వయసు, జాతి, పోయినసారి ఓటేశారా లేదా,
తలుపు తెరవకముందే అన్నీ ఇందులో ఉన్నాయి.
నేను నింపాల్సింది ఒకటే:
ముఖ్య సమస్య. ఒక్క గడికే టిక్కు.

ఓక్‌హీ గారు చెప్పులు విప్పి రమ్మన్నారు.
లాండ్రీ షాపు అద్దె దగ్గర మొదలెట్టి
మోకాలి నొప్పి దగ్గర ఆగారు.
ఇఫెయోమా ఇన్సులిన్ సీసాని వెలుగుకెత్తి
"గురువారం దాకా వస్తుంది" అంది.
నర్సు ఆమె. రాత్రంతా
ఎవరెవరికో సూదులేసి ఇప్పుడే వచ్చింది.

వెర్నన్ టాకెట్ గేటు దగ్గరే ఆపేశాడు.
పచ్చిక మీద అవతలి పార్టీ బోర్డు.
"మీవాళ్ళకి చచ్చినా వెయ్యను."
నాలుగడుగులు వేశాక వెనక్కి పిలిచాడు:
"బస్‌స్టాపుకి ఫుట్‌పాత్ ఎందుకు లేదో కనుక్కో.
పిల్ల రోజూ మురిక్కాలవ గట్టున నడుస్తోంది."
పిల్ల ఆయన మనవరాలు కాదు,
ఎదురింటి మరిసోల్ కూతురు.

ఫుట్‌పాత్‌కి గడి లేదు.

ఆ కాలవ దాటితే మరో నియోజకవర్గం.
అటు తలుపులు తట్టొద్దన్నారు.
అటు వరండాలో బఠాణీలు ఒలుస్తూ ఒకావిడ
చాలాసేపటి నుంచి నన్నే చూస్తోంది.
"మమ్మల్నేమీ అడగవా?"

కాగితం తిరగేశాను.
వెనకంతా ఖాళీ.
నా పెన్ను రాయనని మొండికేస్తే
ఆవిడే లోపలికెళ్ళి
పళ్ళగాట్లున్న పెన్సిల్ ముక్క తెచ్చింది.