హాజరు

మా తండా బడికి తాళమేసిన నాడు
లోపల తొమ్మిదిమంది పిల్లలున్నరు.
పదిమంది ఉంటే ఉండేదట బడి.
పదో పిల్ల నా కడుపులున్నదని
సారుతోని చెప్పిన.
సారు నవ్వలే. కాగితం మీద సంతకం తీసుకున్నడు.

బెంచీలు ట్రాక్టరెక్కినయి.
గంట విప్పుకపోయిండ్రు.
అది గంట గూడ గాదు, రైలుపట్టా ముక్క,
మా మామ గద్వాల కాడ కూలికి పోయినప్పుడు
భుజాన మోసుకొచ్చింది.
నల్లబల్ల గోడకే పూసి ఉన్నది గనుక
దాన్ని ఒక్కదాన్నే విడిచిపోయిండ్రు.
దాని మీద సుద్దరాత అట్లనే ఉన్నది:
జూన్ 12, బుధవారం. హాజరు 9.

ఇగ బడి ఎతుకుడు షురువైంది.

దేవరకొండల ఇంగ్లీషు మీడియం,
గేటు మీద సిమెంటు ఏనుగు.
పచ్చవ్యాను తండా దాంక రాదట,
మూడు కిలోమీటర్లు నడిచి
పిల్లలే తారురోడ్డెక్కాలట.
ఫీజెంత మేడమ్ అంటే
చిన్న చీటీ మీద రాసి నా దిక్కు తిప్పింది,
నోటితోని చెప్పనీకి సిగ్గయినట్టు.
రెండు ఏరుళ్ల పత్తి, ఒక మేకపోతు,
నా కాళ్ల కడియాలు
వరుసగ లెక్క గట్టుకుంట పోయిన.
బూట్ల కాడ ఆగిపోయిన.

గురుకులం పరీక్ష పెద్దది సుజిత రాసింది.
రాలే. మల్ల రాసింది. సీటొచ్చింది,
నూట ముప్పై కిలోమీటర్ల అవతల.
పెట్టె సర్దినంక ఆ రాత్రి
నా కొంగు వేలుకు చుట్టుకొని పండుకున్నది.
తెల్లారి పెట్టె విప్పింది నేనే.
తప్పే కావచ్చు.
ఇప్పటికీ తేల్చుకోలే.

పుణెకు తోలుకపోత అన్నడు మా ఆయన.
బిల్డింగుల పనికాడ టెంటుబడి ఉన్నదంట, మరాఠీల.
ఇంట్ల గోర్ మాట, అంగట్ల తెలుగు,
టెంటుల ఇంకోటి.
ఎన్ని నోర్లు పెట్టి కనాలె నేను పిల్లల్ని?

అప్పుడన్నది ప్రమీల,
డిగ్రీ సగంల ఆపి కుట్టుమిషన్ ఏసుకున్న పిల్ల:
"పొద్దుగాల ఏడు నుంచి పది దాంక
నాకు గిరాకుండదు వదినా."

మా పత్తి కొట్టంల కూసున్నరు.
జాకెట్ల కొలతలే లెక్కలు,
టేపు మీద సెంటీమీటర్లు,
లంగాకు కుట్టే అద్దాలల్ల గుండ్రం, నలుపలక, మూడుమూలలు.
దీపావళికి పత్తి దిగినంక
కుప్ప మీదనే ఎక్కి కూసున్నరు,
ఒకటే తుమ్ములు,
పుస్తకం తెరిస్తే పేజీకింత దూది.

ఒకనాడు రేకు మీద రాసిందట
మా మాటలే, తెలుగు అక్షరాలతోని:
పాణి. బాటి. యాడి.
చిన్నోడు కూడబలుక్కుంట సదివి
ఉరికొచ్చి పొయ్యి కాడ నా మొఖం చూసిండు,
రేకు మీదికెళ్లి నేనే దిగొచ్చినట్టు.
ఏందిర అంటే చెప్పడు.
రొట్టె మాడిపోయింది.

మండలం నుంచి ఒకాయన వచ్చి
ఇదేం బడి, గుర్తింపున్నదా అని అడిగిండు.
కొట్టంల కుర్చీ లేదు,
మిషన్ స్టూలు ఏసింది ప్రమీల.
ఓపెన్ స్కూల్ ఫారాలు ముంగట పెట్టింది.
ఆయన చదివిండు, మల్ల చదివిండు,
ప్యాంటుకంటిన దూది దులుపుకుంట పోయిండు.
ఔనన్నడో కాదన్నడో
మాకు తెల్వనే తెల్వదు.

ఇక పదోది పుట్టిండు, కొడుకు.
మొన్ననే బోర్లపడ్డడు, పత్తి మీద.

ఆ సంగతి చూసి సుజిత
కట్టెకు సుద్దముక్క కట్టుకొని
పాత బడి కిటికీల నుంచి చెయ్యి పెట్టి
తొమ్మిదిని పది చెయ్యబోయింది.
అందలే.
తొమ్మిది పక్కన ఒక నిలువుగీత పడ్డది.

ఇప్పుడు మా బడిల హాజరు తొంభై ఒకటి.
తుడువనీకి ఎవ్వరి కాడ తాళంచెవి లేదు.