భూగర్భశాస్త్రం, రెండో పేపర్

ప్రశ్నలు అడగడం నా పని.
సొలొంగొ అక్క కళ్ళు మూసుకుని
పొయ్యికి వీపు చూపించి జవాబులు చెబుతుంది.
బయట ఉలాన్‌బాతర్, మైనస్ ముప్పై.
మా ఉన్ని గుడారం తలుపుకి
లోపలివైపు కూడా మంచే.

"లిగ్నైట్‌లో తేమ ఎంత శాతం?"
ముప్పై, అంటుంది. కాదు, ముప్పై అయిదు. కాదు...
ఆ పేజీ సగం చిరిగింది, నాకూ తెలీదు.

అమ్మమ్మ లేచింది.
బకెట్లో చెయ్యి పెట్టి ఒక పెళ్ళ తీసి
బరువు చూసి, వాసన చూసి
"తడిది. పొగే ఎక్కువ," అని
పొయ్యిలో పడేసింది.

అక్క కళ్ళు తెరిచి
ఆ నల్లటి వేళ్ళనే చూసింది చాలాసేపు.

"తర్వాతిది అడుగు," అంది దగ్గుతూ.
పొద్దున ఎనిమిదింటికి పరీక్ష.
ఇంకా నలభై పేజీలు.
బకెట్లో సగం.