పాయింట్ల మీద

కనుకుంట్ల ఓదేలు మీద నేను మూడుసార్లు గెలిచిన.
మూడుసార్లూ పాయింట్ల మీదనే.
కాయితం అట్లనే చెప్తది.
చలికాలం పొద్దుగాల మంచం దిగబోతే
ఎడమదిక్కు పక్కబొక్క
ఇంకో మాట చెప్తది.

ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు మోసేటోడు.
మాపటికి సైకిలేసుకొని వ్యాయామశాలకు వచ్చి
నెత్తికి చుట్టిన తువ్వాలే చింపి
చేతులకు కట్టుకునేటోడు.
గ్లవ్స్ క్లబ్బువి. ఆయన వంతు వచ్చేసరికి
నలుగురి చెమటల నాని బరువెక్కి ఉండేటివి.
జహంగీర్ సార్ అనేటోడు:
"వీనికి అడుగుల్లేవ్, చెయ్యి పొట్టి, చూపు మందం.
ఉన్నదొక్కటే. వీడు పోడు."

నిజమే.
ఎంత కొట్టినా ఎటూ పోడు.
నువ్వు అలిసిపోయి చూస్తే
నీ గదవ కిందనే ఉంటడు,
అప్పు అడగొచ్చినోని లెక్క.

మొదటిసారి హన్మకొండల, జిల్లా ఫైనల్.
రెండో రౌండ్ల ఒడిసి పట్టుకున్నడు.
ఆయన భుజం నా మొఖానికి రాసుకున్నది,
కండ్లు భగ్గుమన్నయి.
"సార్, ఏదో పూసుకొచ్చిండు!" అని ఒర్రిన.
రెఫరీ ఆట ఆపి
గ్లవ్స్ వాసన చూసిండు, మెడ వాసన చూసిండు,
తుమ్మిండు.
హాలంతా నవ్వింది.
ఓదేలు నవ్వలే.
"రెండుసార్లు తానం జేసి వచ్చిన సారూ,
ఇది పోదు" అన్నడు.

మూడో రౌండ్ అంతా కండ్లు మూసుకునే కొట్టిన.
నా చెయ్యి లేపిండ్రు.
తెల్లారి పేపర్ల నా పేరు పడ్డది.
ఆయన పేరు ఓబులేసు అని పడ్డది.

అసొంటోళ్ళు ఇంకా ఉండిరి.
గోదావరిఖనిల ఒకడు, రాత్రి షిఫ్టు దిగి
చెవులల్ల బొగ్గుతోనే రింగెక్కేటోడు.
సిరిసిల్లల ఒకడు, సాంచెల చప్పుడుకు చెవుడొచ్చి
గంట కొట్టినా ఆపకపోతుండె,
ఫౌల్ అని పాయింట్లు కోసేటోళ్ళు.
వాళ్ళ పేర్లు నాకు యాదికి లేవు.
వాళ్ళ చేతులు యాదికున్నయి.

రాష్ట్రపోటీలల్ల చీటీలు తీసేటప్పుడు
పోయినేడు మెడల్ కొట్టినోడు ఎటుదిక్కని ఎవ్వడూ అడగకపోతుండె.
"ఆ వరంగల్ బస్తా ఎవనికి పడ్డది?"
అదొక్కటే అడిగేటోళ్ళు.
ఎందుకంటే ఓదేలు మీద గెలిచినోడు
తెల్లారి సెమీఫైనల్ల ఓడుడు ఖాయం.
మూతి పగిలి, చెయ్యి లేవక,
నిన్నటి గెలుపును మోసుకుంటనే ఓడేటోడు.
నేను రెండేండ్లు అట్లనే ఓడిన.

నాకు బంగారం వచ్చిన యేడు
ఆయన రాలే.
ఫిబ్రవరి. మిర్చి సీజన్. కూలి డబుల్.
నా మెడల్‌కు రైల్వేల నౌకరొచ్చింది,
కాజీపేటల క్వార్టరొచ్చింది.
ఆయన ఆ యేడు మోసిన బస్తాలు ఎన్నో
ఎవలు లెక్కబెట్టిండ్రు?

మొన్న తొక్కుకు కాయలు కొందామని
మార్కెట్ రోడ్డుకు పోయిన.
కాంటా ముంగట గోనెపట్టా మీద కూసున్నడు,
జుట్టు తెల్లబడ్డది, ముక్కు వంకర అట్లనే ఉన్నది.
నన్ను చూసి లేవలే, పలకరించలే.
దగ్గరికి రమ్మని సైగ చేసి
ఒక్క వేలుతోని నా ఎడమ పక్కల పొడిసి
"ఇంక నొస్తదా?" అన్నడు.

నేను అబద్ధం చెప్పబోయిన.

"ఆనాడు మూడో రౌండ్ల తాకింది.
తాకిందని నాకెరుకే.
మొఖంల పడనియ్యలే నువ్వు, మంచిగ దాసినవ్.
జడ్జీలు మొఖమే చూస్తరు గదా."

రెండు కిలోలు అన్న నేను.
కాంటా ముల్లు నడిమిట్లకొచ్చి ఆగింది.
ఆగినంక
ఇంకో పిడికెడు కాయలు తీసి
పైన ఏసిండు.