పైనుంచే

నూనె ప్యాకెట్ కొస కత్తిరిస్తుంటే
గోరుకు తగిలింది, ఎత్తుగ.
స్టిక్కర్ కింద స్టిక్కర్.
తడి చేసి, బియ్యంల రాళ్ళు ఏరే ఓపికతోని గీకితే
కింది రేటు బయటపడ్డది,
ఇరవై రెండు రూపాయలు చిన్నది.
ప్యాకెట్ నింపిన తారీఖు మాత్రం
బతుకమ్మ పండుగ ముందటిదే.
అంటే ఈ నూనె
అల్మారాల కూసున్న చోటనే ముదిరింది,
బెండకాయ లెక్క.

కాశిబుగ్గ మూలమీద నాగభూషణం దుకాణం.
"గిదేందన్నా" అంటే
"నా చేతుల ఏమున్నదక్కా, పైనుంచే పెరిగింది"
తల ఎత్తకుండ అన్నడు, గల్లా మూసుకుంట.
నేను ఎత్తిన.
పైన తిరగని ఫ్యాను.
ఎండి నల్లబడ్డ నిమ్మకాయ.
అటుక మీద బస్తాలు, వాటెనుక కదిలిన తోక ఒకటి.
పెంచేటోడు ఎవడూ కనబడలే.

చింతపండుకు వానలన్నడు.
ఉప్పుకు ఎండలన్నడు.
"ఉప్పుకు ఎండ మంచిదే కద" అంటే నవ్విండు.
సబ్బుకు యాడిదో యుద్ధం.
యుద్ధం ఆగిందని టీవీల చెప్పిన్రు,
సబ్బు ఆగలే.
పైగా సన్నబడ్డది. డబ్బా మాత్రం అంతే,
ఊపితే లోపల
అవ్వ నోట్ల ఊగే పన్ను.

పొద్దున ఏడుకు నేను ఎనుమాముల యార్డుల ఉంట.
ముక్కుకు కొంగు కట్టుకొని
తాలుకాయ ఏరుతం, నేనూ సారక్కా.
మొన్న పరకాల దిక్కు రైతొకాయన
పాట అయినంక బస్తా మీదనే కూసున్నడు.
ఎంత పలికిందే అంటే
"నిరుటికన్న తక్కువ"
ఇంకేం అనక జేబుల బీడీ వెతుక్కున్నడు.
దొరకలే.
అదే మాపటికి
కారంపొడి పావుకిలోకు పదిహేను ఎక్కువైంది.
నా గోళ్ళల్ల ఇంకా ఆ కాయల మంటే.
"ఇది కిందినుంచి వస్తది కదన్నా,
కింద నేను చూసే వచ్చిన.
అక్కడ తగ్గింది."
ఆయన ఫోన్ మోగింది.

యార్డుకూ దుకాణానికీ నడుమ
రోజూ నడుస్త.
గోదాములున్నయి, కోల్డు స్టోరేజీలున్నయి,
అరచేతంత తాళాలున్నయి.
పెరిగేదేదో ఈ తొవ్వలనే పెరుగుతది,
ఎన్నడూ ఎదురుపడది.

గీకిన స్టిక్కర్లు తలుపు లోపలి దిక్కు అంటిస్తున్న.
బిడ్డ వాటితోని తీసివేతలు చేస్తది.
"అప్పు తెచ్చుకోవాల్నా అమ్మా?"
లెక్కలనైతే అక్కర లేదు బిడ్డా,
పై అంకె పెద్దదే.

ఇయ్యాల దుకాణంల సేటు లేడు.
పోరడు ఓదెలు ఒక్కడే.
వాని బొటనవేలికి జిగురు.
నేను చూసిన.
నేను చూసింది వాడు చూసిండు.
"రెండేండ్ల సంది అదే కూలక్కా,
దానిమీద ఒక్కటన్న అంటించలే" అన్నడు
చెయ్యి లాగుకు తుడుచుకుంట.

నా సంచిల గింత కరేపాకు వేసిండు,
అడగకముందే.
దానికి రేటెంతని
నేనూ అడగలే.